కూడికకు లొంగని లెక్క

హోసూరినుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమున, ఊరు ముగిసినదో లేదో తెలియకమునుపే ఎదురగు మూకండపల్లిలో, సిప్కాట్ కార్ఖానాల పొడవాటి గోడలకును పాత ఊరి యిండ్లకును నడుమ, యంత్రముల పని నేర్చు పిల్లలకై నడుపబడు ఒక చిన్న శిక్షణశాల కలదు. బడిపంతులుగా పనిచేసి విరమించి యింటిపట్టున నున్న నన్ను ఆ శాలవారు పిలిపించి, పిల్లలను యంత్రముకడకు పంపుటకు ముందు తాము కాగితముమీద జరుపుచు వచ్చిన పరీక్షను ఆన్‌లైనులోనికి మార్చి యిమ్మని కోరిరి. పరీక్షకు మూడు భాగములు: కొలతలును లెక్కలును 40 మార్కులకు, డ్రాయింగు చదువుట 40 మార్కులకు, ప్రాణరక్షణకు సంబంధించిన భద్రతాభాగము 20 మార్కులకు. మొత్తముమీద నూటికి 50 వచ్చినవాడు ఉత్తీర్ణుడనుట వారి పాత నియమము. అట్లు గాక, మొదటి రెండు భాగములలోను 16 చొప్పునను, భద్రతలో 12ను రావలెననియు, ఏ ఒక్కదానిలో తక్కువైనను పరీక్ష ముగిసినట్లు కాదనియు నేను పట్టుపట్టితిని. వారు నా వయస్సును మన్నించి సరే యనిరి గాని, ఆ పట్టుదలకు కారణమేమో నాకే అప్పటికి పూర్తిగ తేటపడలేదు.

ఆ పనికి నేనెన్నుకొన్న సాధనము మూడిల్. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున మార్టిన్ డూగియమాస్ నిర్మించి 2002లో లోకమునకు ఉచితముగ విడిచిన యా సాఫ్ట్‌వేరులో, ఒక క్విజ్జును ఎన్ని శీర్షికలుగనైనను విభజింపవచ్చును గాని, ఉత్తీర్ణతాంకము మాత్రము క్విజ్జంతటికిని ఒక్కటే. కావున భాగమునకొక క్విజ్జు చొప్పున మూడింటిని వేర్వేరుగ కట్టి, దేని గీతను దానికి గీచి, మూడింటిని గడచినగాని పాఠము పూర్తి కాలేదని యంత్రమునకు చెప్పవలసివచ్చెను. ఇంతవరకు చేతిపని. పిమ్మట మార్కులపట్టిక నమర్చుచోట ఒక జాబితా తెఱచుకొనెను. సగటు, బరువుల ననుసరించిన సగటు, మధ్యమము, అన్నిటికంటె తక్కువైనది, అన్నిటికంటె ఎక్కువైనది: వీనిలో దేనిచేత పిల్లవాని మొత్తమును తేల్చవలెనో ఎన్నుకొమ్మని యది నన్నడుగుచుండెను. ఆ జాబితా యెదుట నేను చాలసేపు కూర్చుంటిని. మనుష్యుని గుణములు కూడికకు లొంగునా, ఒకదాని లోటును మరియొకదాని మిగులు పూడ్చునా, అని మన పెద్దలు అరణ్యములలోను యజ్ఞశాలలలోను వాదించిన ప్రశ్నకు, ఇచ్చట నేను వేలితో నొక్కి జవాబీయవలసియుండెను.

మొదటి విడత ఫలితములు వెలువడిన మరునాడు ఉదయముననే, వేపనపల్లి వైపు పల్లెనుండి వచ్చి చదువుకొనుచున్న ఒక యువకుడు మా యింటి గుమ్మమున నిలిచియుండెను. అతనికి కొలతలలో 38, డ్రాయింగులో 36, భద్రతలో 5. అతని స్నేహితునికి 22, 21, 14. స్నేహితుడు గడచెను, ఇతడు గడవలేదు.

“సార్, మొత్తం కూడితే నాకు 79 వచ్చిండాది. వానికి 57 యే గదా. వాడు పాసు, నేను ఫెయిలా? ఇదేం న్యాయం సార్?” అని అతడడిగెను. గొంతులో కోపములేదు, దానికంటె బరువైన దేదో యుండెను.

లోనికి రమ్మని కూర్చుండబెట్టి, భద్రతాభాగములో అతడు తప్పిన ప్రశ్నలలో నొకదానిని తెరమీద చూపితిని. రేకును ముద్రించు ప్రెస్సులో ముక్క ఇరుకుకొన్నది. దానిని తీయుటకు ముందు ఏమి చేయవలెను? మెయిన్ స్విచ్చి నాపి, దానికి తాళమువేసి, తాళముమీద తన పేరుచీటీ కట్టి, అటుపిమ్మట చేయి పెట్టవలెననునది సరియైన జవాబు. అతడు గుర్తించినది వేఱు: పెడలుమీదనుండి కాలు తీసి, చేతితో ముక్కను లాగివేయుట. “కొలతలలో నీకు వచ్చిన 38 ఆ క్షణమున నీ చేతిని కాపాడునా, నాయనా?” అని యడిగితిని. అతడు జవాబు చెప్పలేదు. కాని మౌనముగ నుండుట ఒప్పుకొనుట కాదని నలువదియేండ్లు పిల్లల నడుమ బ్రతికిన నాకు తెలియును; వాని ప్రశ్న ఆ గదిలో అట్లే నిలిచియుండెను, వాడు వెళ్లినపిదప కూడ.

ప్లేటో తన ప్రొటాగొరస్ సంవాదమున సోక్రటీసుచేత ఇట్టి ప్రశ్ననే వేయించెను. ధైర్యము, న్యాయము, వివేకము మొదలగు గుణములు ఒక బంగారుముద్దనుండి తీసిన ముక్కలవలె ఒకే వస్తువా, లేక ముఖమునందలి కన్ను ముక్కు చెవులవలె దేని పని దానిదియా యని. ముక్కలు బంగారువైనచో తక్కెడలో వేసి తూచవచ్చును. పెద్దముక్క చిన్నముక్క కొరతను తీర్చును. ముఖావయవములైనచో మూడవచెవి మొలిచినంతమాత్రమున కన్నులేనివానికి వెలుగు రాదు. మన హోసూరు చుట్టుప్రక్కల గులాబులు పెంచు రైతు నడిగినను ఇదియే చెప్పును: నేలలో పొటాషు లోపించిన, యూరియా ఎంత గ్రుమ్మరించినను ఆ లోటు తీరదు, మొక్క యెదుగుదల ఆ కొఱవడిన దానికడనే ఆగును. లీబిగ్ అను జర్మను రసాయనవేత్త పందొమ్మిదవ శతాబ్దమున ప్రచారము చేసిన యా నియమమును మన తోటమాలులు పేరెఱుగకయే పాటించుచున్నారు.

మన తార్కికులు ఈ విషయమున ఎంత కఠినులో చూడుడు. దూరమునుండి చంద్రచూడేశ్వరుని కొండమీద పొగను చూచి అచ్చట నిప్పున్నదని మన మూహింతుము. ఆ పొగ నిప్పునకు హేతువు. ఆ హేతువు సద్ధేతువు కావలెనన్న ఐదు లక్షణములు దానికుండవలెనని నైయాయికులు నిర్ణయించిరి. పొగ నిజముగ ఆ కొండమీదనే యుండవలెను. నిప్పున్నట్లు మన మెఱిగిన వంటయింటివంటి చోట్లను అది కనబడవలెను. నిప్పులేని చెఱువువంటి చోట్లను అది యుండరాదు. బలవత్తరమైన వేఱు ప్రమాణము దానిని కాదనరాదు. సమానబలముగల ఎదురు హేతువు దానికి నిలువరాదు. ఈ ఐదింటిలో నాలుగు ఎంత గట్టిగ నున్నను, ఐదవది లేకపోయినచో దానిని ఎనుబదిపాళ్ల హేతువని వారనలేదు, హేత్వాభాసమనిరి. అనగా హేతువువలె కనబడునదే గాని హేతువు కాదని. అంతటితో తనియక, ఏ లక్షణము తప్పిన ఏ పేరో కూడ పెట్టిరి: అసిద్ధము, విరుద్ధము, అనైకాంతికము, బాధితము, సత్ప్రతిపక్షము. తప్పినవానికి తాను తప్పినచోటు తెలియవలెనను న్యాయము ఆ నామకరణములోనే యున్నది. నన్ను మిక్కిలి ఆకర్షించినది మాత్రము వారు చేసిన ఒక మినహాయింపు. కేవలాన్వయి యనబడు హేతువునకు విపక్షమే యుండదు గనుక, అచ్చట ‘విపక్షమున లేకుండుట’ యను లక్షణమును వారు కోరరు, నాలుగే చాలును. వర్తింపని భాగమునందు పరీక్ష లేదు. ఇంతటి కాఠిన్యముగల శాస్త్రము ఇంతటి వివేకమును గూడ దాచుకొనియున్నదని నేను చదువుకొను నాడు గమనింపలేదు.

అయినను ఆ పిల్లవాని ప్రశ్నకు తర్కము సగమే జవాబు చెప్పినది. జీవితమంతయు ఇట్లే భాగభాగముగ గడువవలసిన పరీక్షయేనా, ఒక చోట తప్పిన మనుష్యుడు అంతట తప్పినట్లేనా యని అతడడుగలేదు గాని అతని గొంతులో ఆ భయము కలదు. తక్కిన సగమునకై నేను మీమాంసకుల కడకు పోవలసివచ్చెను. యజ్ఞకర్మ యనగా ఒక ప్రధానమును దానిని పోషించు అనేక అంగములును. అన్ని అంగములును సమకూరనిచో కర్మ చెల్లునా? జైమిని సూత్రముల ఆరవ అధ్యాయమున ఈ విచారము వచ్చినది. దానికి వారిచ్చిన తీర్పు నా దృష్టిలో మన శాస్త్రములన్నింటిలోను మిక్కిలి దయగల తీర్పులలో నొకటి. నిత్యకర్మ వేఱు, కామ్యకర్మ వేఱని వారనిరి. ఉదయసాయంకాలముల అగ్నిహోత్రమువంటి నిత్యకర్మను బ్రతికియున్నంతకాలము చేయవలెను. బ్రతుకన్న తరువాత కొఱతలుండకపోవు. ఒకనాడు ద్రవ్యము చాలదు, ఒకనాడు ఒడలు సహకరింపదు. కావున యథాశక్తిగ, కుదిరిన అంగములతోనే చేసినను అది చెల్లును, మానివేయుటయే దోషము. వాన గురియవలెనని చేయు కారీరీష్టివంటి కామ్యకర్మ అట్లు కాదు. ఫలమును కోరి దానిని మొదలుపెట్టినది నీవే. ఆ ఫలము అంగములన్నియు పరిపూర్ణమైనప్పుడే కలుగునని విధి చెప్పుచున్నది. అంగమొకటి జాఱవిడిచి, తక్కినవి బాగుగ చేసితిని గదా వాన గురియుమని ఆకాశమును నిర్బంధింపలేవు.

ఈ భేదమును చదివినపుడు నా చిక్కుముడి విడివడెను. చదువు నిత్యకర్మ. ఒక పిల్లవాడు లెక్కలలో వెనుకబడి, పద్యములలో ముందుండి, బొమ్మలు బాగుగ వేసి, పదవతరగతిలో ఎట్లో గట్టెక్కి తనకు తోచిన దారిని పోవుట యథాశక్తి న్యాయమునకు లోబడిన విషయము. అచ్చట కూడికయు సగటును ధర్మమే, ఆ మాటకువచ్చిన అంతకంటె ఉదారమైన లెక్కయైనను ధర్మమే. మొదలుపెట్టిన మంచిపని కొంచెమైనను వమ్ముగాదని భగవద్గీత యిచ్చిన అభయము అట్టివానికే. ప్రెస్సుముందు నిలుచుట మాత్రము కామ్యకర్మ. అది ఒక ఫలమును కోరి, తన చేతిని, ప్రక్కవాని ప్రాణమును పణముగ నొడ్డి చేయు పని. అందు అంగమొకటి లోపించిన, యంత్రము తక్కిన అంగముల నెన్నడును లెక్కపెట్టదు. వైద్యుడు, లారీ డ్రైవరు, కరెంటు లైనుమీద పనిచేయువాడు, వీరందఱును ఈ కోవవారే. డ్రైవింగు నేర్చుకొనుటకు లైసెన్సు కోరువానికి కంప్యూటరుముందు పెట్టు పరీక్షలో నూటికి 60 జవాబులు సరియైన చాలునందురు. ఆ తప్పిన 40లో ఎఱ్ఱదీపమునకు సంబంధించినవి యన్నియు నుండవచ్చును గదా యను శంక, మూకండపల్లి కూడలిలో రోడ్డు దాటుటకై నిలుచున్నపుడెల్ల నన్ను వదలదు.

పారిశ్రామిక శిక్షణాసంస్థల, అనగా మనము ఐటీఐ లనువాని, నియమములను చూచినపుడు ఈ భేదము తెలిసినవారెవరో వానిని వ్రాసిరని తోచును. అచ్చట ట్రేడ్ ప్రాక్టికల్‌లో ఉత్తీర్ణతకు నూటికి 60 రావలెను. తక్కిన విషయములలో 33 చాలును. నోటితో చెప్పు విద్యకు 33, చేతితో చేయు విద్యకు 60! ఫిట్టరు పిల్లవాడు సిద్ధాంతపు పేపరులో తొంబదియైదు తెచ్చుకొన్నను, వైసులో ఇనుపముక్కను బిగించి ఆకురాయితో దాని అంచును చదునుగ తీర్చలేనిచో ఆ తొంబదియైదు అతని చేతికి సాయపడదు. చార్టర్డు అకౌంటెన్సీవారి కట్టడి మఱియొక తీరు: ప్రతిపేపరులోను 40 శాతము, గ్రూపు మొత్తముమీద 50 శాతము రావలెను. గ్రూపులో తప్పినను, ఒక పేపరులో 60 తెచ్చుకొన్నవానికి ఆ పేపరు మరల వ్రాయు పనిలేదు. నేలకు ఒక మట్టము, కప్పునకు ఒక మట్టము, గెలిచినది గెలిచినట్లే నిలుచు వెసులుబాటు: వాణిజ్యలోకము ఇంతటి మర్మమును పట్టుకొన్నదని వేదాంతులు సంతోషింపవలెను. సాధనచతుష్టయమును గూర్చి వారు చెప్పునదియు ఇట్టిదే గదా! నిత్యానిత్యవివేకము కొండంత యున్నను వైరాగ్యము శూన్యమైనవానికి బ్రహ్మవిచారమున అధికారము లేదు. కాని సంపాదించిన వివేకము వానిని విడిచి యెక్కడికిని పోదు.

మన జనులు చిత్రగుప్తుని చిట్టాను ఒక షావుకారు ఖాతాగ నూహించుట వాడుక: పుణ్యమొక వైపు, పాపమొక వైపు, రెండింటిని తీసివేసి మిగిలినదానినిబట్టి గతి. దానములు చేసి దోషములు మాపుకొన జూచువారికి ఆ ఊహ చాల అనుకూలము. మహాభారతము మాత్రము దాని నంగీకరింపదు. మన హోసూరు సమీపమున తొరపల్లిలో 1878లో జన్మించి భారతకథను తమిళమునను ఆంగ్లమునను ఇంటింటికి చేర్చిన రాజాజీ గ్రామమునకు నేను పోయినపుడెల్ల ధర్మరాజు పరీక్షలే నాకు తలపునకు వచ్చును. తెలుగులో ఎఱ్ఱన తీర్చిన అరణ్యపర్వశేషమున, నీటికై పోయిన తమ్ములు నలువురును మడుగుగట్టున పడియుండగా, యక్షుడు అడిగిన ప్రశ్న లన్నిటికిని యుధిష్ఠిరుడు జవాబులు చెప్పును. అది జ్ఞానభాగము. గడచినందుకు ప్రతిఫలముగ ఒక్క తమ్ముని బ్రతికించుకొమ్మని యక్షుడనును. చదువరి యచ్చట పరీక్ష ముగిసినదనుకొనును. కాని నిజమైన రెండవభాగము అప్పుడే మొదలైనది, మొదలైనదని చెప్పకయే. భీమార్జునులను విడిచి, తన తల్లికి తానుండగా మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని అతడు నకులుని కోరును. ఆ సమభావమును చూచిన పిదపనే నలువురును లేతురు. ప్రశ్నలకు చెప్పిన జవాబులన్నియు ఒక్క తమ్ముని పాటి చేసెను. తక్కిన మువ్వురును రెండవభాగపు ఫలము.

అంతటితో అయిపోలేదు. మహాప్రస్థానమున వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కుటకు అతడొప్పుకొనలేదు. తిక్కన చేతిలో ముగిసిన స్వర్గారోహణపర్వమున అతడు నరకమును చూచును. అచ్చట తనవారి కంఠములు వినబడగా, స్వర్గ మక్కఱలేదు, ఇచ్చటనే యుందునని నిలిచిపోవును. అప్పుడు ధర్ముడు ప్రత్యక్షమై, ద్వైతవనమున నొకసారి, కుక్కరూపమున నొకసారి, ఇప్పుడు మూడవసారి నిన్ను పరీక్షించితినని చెప్పును. మూడింటిలో ఏ ఒక్కటియు మరియొకదానిని మాఫీ చేయలేదు. ఇంక నరకదర్శనమెందులకన్న, ద్రోణునియెడ పలికిన ఆ కపటపు మాట కొఱకు. ఒక జన్మమంతటి సత్యములో ఒక్క మాట; సగటు తీసినచో కనబడనే కనబడదు. భారతకారుడు సగటు తీయలేదు. పుణ్యము పుణ్యముగ, పాపము పాపముగ వేర్వేరు రాసులై వేర్వేరుగ అనుభవింపబడుననియు, పుణ్యమధికముగ గలవాడు తన కొద్దిపాటి కీడును ముందుగ అనుభవించి పిమ్మట మేలును పొందుననియు ఇంద్రుడచ్చట చెప్పుట గమనింపదగినది. ఆ నరకము ముహూర్తమాత్రమే, అదియు దయయే. కాని లేకపోలేదు.

ఇట్లు వేర్వేరు గీతలను నేను సమర్థించుచున్నను, గీత గీచువాని ధర్మమును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు పోలేను. ఈ మోరసునాటి తెలుగువాడనై యుండి ఆ మాట విడుచుట అపచారమగును. తమిళనాడు ప్రభుత్వోద్యోగపరీక్షలలో 2021 డిసెంబరు ఉత్తర్వునుండి తమిళభాషాపత్రమున నూటికి 40 తప్పనిసరి యైనది. గ్రూప్ 4 పరీక్షలో తమిళభాగమునకు 150 మార్కులు. అందు 60 రానివాడు రెండవభాగములో బృహస్పతియైనను లెక్కకు రాడు. 2006లో చేసిన తమిళాభ్యాస చట్టముచేత బడులలో తమిళము తప్పనిసరి కాగా, హోసూరు కృష్ణగిరి ప్రాంతపు తెలుగు బడుల పిల్లలు పదవతరగతి పరీక్షవేళ న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చెను. 2023లో సుప్రీంకోర్టు వారికి మఱియొక సంవత్సరపు మినహాయింపు నిచ్చినది. ఈ రాష్ట్రమున కొలువుచేయువానికి ఈ రాష్ట్రప్రజల భాష రావలెననుటలో నాకు అధర్మము కనబడదు. కొళాయికి నీరు రాలేదని మొఱపెట్టుకొనవచ్చిన ముసలమ్మ మాట అధికారికి తెలియకున్న, వాని తక్కిన మార్కులామెకేల? ఆ విషయమున తమిళము నిజముగ కామ్యకర్మాంగమే. కాని మీమాంసకుడు అధికారవిచారమును గూడ చేసినాడు: చేయుటకు సామర్థ్యము లేనివానిమీద విధి వ్రాలదు. ద్వారము కట్టినవాడు దానికి పోవు దారిని గూడ వేయవలెను. తగినంతమంది గురువుల నీయక, పుస్తకముల నీయక, చిన్ననాట నేర్పక, పదునాఱేండ్లకు గుమ్మమున నిలిపి భాష యేదియని యడుగుట గీతకు ధర్మమునకు నడుమ గల సంబంధమును తెంచుట. సివిల్ సర్వీసు పరీక్షలో ఆంగ్లమునకును ఒక భారతీయభాషకును 25 శాతపు గీతయున్నది, అందు వచ్చిన మార్కులు ర్యాంకులో చేరవు. ఆ భారతీయభాషను అభ్యర్థి తానే యెన్నుకొనును. ఆ యెంపికలోని గౌరవము సరిహద్దు పల్లెల పిల్లలకును చెందవలెనని నా కోరిక.

ఈ మాటలు వ్రాయుచున్న చేతితోనే నేనును ఒక తప్పు చేసియుంటినని తెలియుటకు మఱి రెండుదినములు పట్టెను. భద్రతకు 12 అను గీతను నేను తోచినట్లు పెట్టలేదు. విలియం ఆంగాఫ్ అను అమెరికా విద్యావేత్త 1971లో తెలిపిన పద్ధతి యొకటి కలదు: పనితెలిసినవారిని కూర్చుండబెట్టి, అతినేర్పరిని గాక, పనికి అప్పుడప్పుడే అర్హుడగుచున్న వానిని తలచుకొమ్మని చెప్పి, అట్టివారిలో ఎందఱు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుదురని ప్రశ్నప్రశ్నకును అడిగి, ఆ అంచనాలను కలిపి గీతను నిర్ణయించుట. నేను పిలిచినది కార్ఖానాలో ముప్పదియేండ్లు పనిచేసిన ఒక ఫిట్టరును. ఆయన ప్రశ్నలను ఒక్కొక్కదానినే చదివించుకొని వినుచు, తాళపు ప్రశ్నకడ చేయియెత్తి, “ఇది తెలియనోణ్ణి నా మిషన్ కాడికే రానీను అయ్యవారూ” అనెను. గీత సరియైనదే. కాని ఆయనకు నేను చదివి వినిపించినది తెలుగులో. పిల్లలకు తెరమీద పెట్టినది ఆంగ్లములో, పాత కాగితపు ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్లు దించి. 79 మార్కుల పిల్లవానిని మరల పిలిపించి, తప్పిన పదునైదింటిని నోటిమాటగ తెలుగులో అడుగగా, తొమ్మిదింటికి తడుముకొనక జవాబు చెప్పెను. ఆ తొమ్మిదింటిలో నేను కొలిచినది వాని భద్రతాజ్ఞానమును కాదు, వాని ఆంగ్లమును. పొగ కొండమీద లేకయే నిప్పునకు తీర్పు చెప్పితిని. అది అసిద్ధహేతువు, నైయాయికుడు పేరుపెట్టి మఱీ హెచ్చరించిన దోషము. వేర్వేరు గీతలు గీచువాడు ప్రతిభాగమును అది చెప్పుకొనుచున్న దానినే కొలుచుచున్నదా యని చూచుకొనకున్న, భాగములు పెరిగినకొలది అన్యాయము పెరుగును; మొత్తము లెక్కలోనైన నొకచోటి తప్పు మరియొకచోట కొంత సర్దుకొనును, ఇచ్చట ఒక్క చెడ్డ భాగమే పిల్లవాని దారి మూసివేయును. ఈ సంగతి నాకు ముందే తట్టియుండవలసినది. వానిని క్షమింపుమని యడిగితిని. వాడు తలవంచుకొని, “అయ్యో, అట్లనద్దు సార్” అనెను.

తాళపు ప్రశ్న మాత్రము ఆ తొమ్మిదింటిలో లేదు. తెలుగులో అడిగినను వాడు మునుపు చెప్పినదే చెప్పెను. ఎందుకురా అనగా, “అందురూ అట్లనే చేస్తారు సార్. మిషన్ నిలిపితే సూపరైజరు అరుస్తాడు” అనెను. భాష అడ్డురాని చోట ఆ ప్రశ్న అడ్డువచ్చినది, వచ్చుటయే న్యాయము.

ప్రశ్నలను తెలుగులోను తమిళములోను కన్నడములోను తిరిగి వ్రాయుటకు నాకు పదిదినములు పట్టినది. పెడలు, స్విచ్చి, ప్రెస్సు అను మాటలను పిల్లలు వాడునట్లే యుంచితిని. గెలిచిన భాగములు గెలిచినట్లే యుండునట్లును, తప్పిన భాగము నొక్కదానినే మరల వ్రాయునట్లును మూడిల్‌లో అమర్చితిని. మొత్తమును దేనిచేత తేల్చవలెనను జాబితాలో సగటును తీసివేసి, మార్కులకాగితమున మూడు అంకెలను మూడు గడులలో విడివిడిగ చూపుమంటిని. నాలుగవ గడి లేదు. మరల పరీక్ష జరిగిన శనివారమున ఆ పిల్లవాడు కిటికీప్రక్కన గల కంప్యూటరుకడ కూర్చుండెను. గోడకావల సిప్కాట్ వైపునుండి మధ్యాహ్నపు షిఫ్టు సైరను మ్రోగి యాగినది. మొదటి ప్రశ్నలను వాడు త్వరత్వరగ గడచిపోయెను. ప్రెస్సులో ఇరుకుకొన్న ముక్క ప్రశ్న తెరమీదికి వచ్చినపుడు, మౌసుమీదనుండి చేయి తీసి ఒడిలో పెట్టుకొని, తెలుగు అక్షరములను పెదవులు కదల్చుచు మొదటినుండి చివరివఱకు చదివెను. చదివి, మరల మొదటినుండి చదువసాగెను.